వెనక పొయ్యి ఉప్పు

సారక్క తన చేతులు కనబడనివ్వడం లేదు.

కోరుట్ల పోలీస్ స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని, రెండు చేతులూ కొంగు కింద దాచుకుని నేల మీద కూర్చుంది. కానిస్టేబుల్ తెచ్చిన టీ పక్కన పెట్టుకుంది గానీ ముట్టలేదు. ముట్టాలంటే చెయ్యి బయటికి తీయాలి.

ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అఖిల కుర్చీ వద్దని, తనూ ఆమెకెదురుగా నేల మీదే కూర్చుంది. ఆ చేతులు ఎందుకు దాగి ఉన్నాయో అఖిలకు బాగా తెలుసు.

మొన్న ఊరి పెద్ద రైతు శ్యాంసుందర్ రావు ఇంట్లో మనవరాలి ఓణీల ఫంక్షన్ జరిగింది. భోజనాలు ముగిశాయో లేదో, తిన్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వాంతులతో కుప్పకూలారు. ఆ ఇంటి ట్రాక్టర్ డ్రైవర్ రాజలింగం ఆసుపత్రి చేరకముందే ప్రాణం విడిచాడు. నిన్న అఖిల జగిత్యాల నుంచి వచ్చింది. టీవీ కెమెరాలు చుట్టూ మూగాయి. ఆమె వంటమనిషి సారక్కను ముందుకు పిలిచి, చేతులు చాపమంది. పసుపు పట్టిన గోళ్లు. "ఇవి పదిమందికి వండిపెట్టే చేతులేనా? కోడికూర పాడైంది. శుభ్రత లేకనే ఇంతా జరిగింది" అంది. సాయంత్రానికల్లా ఆ గోళ్లు జిల్లాలో ప్రతి ఫోన్లోనూ తిరిగాయి. సారక్కను పోలీసులు తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టారు.

ఈ పొద్దున జగిత్యాల ఆసుపత్రి నుంచి డాక్టర్ నవత ఫోన్ చేసేదాకా అఖిలకు తన మాట మీద ఏ అనుమానమూ లేదు.

"అఖిలా, ఇది పాడైన కూర పని కాదు" అంది నవత. "అందరికి పెదాలు నీలమైనయి. రక్తం తీస్తే ఎర్రగ లేదు, చాక్లెట్ రంగుల వస్తున్నది. ఆక్సిజన్ పెట్టినా నీలం పోతలే. అనుమానమొచ్చి నెత్తురు చెడగొట్టే విషానికి విరుగుడు, మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్ ఇచ్చిన. చూస్తుండంగనే నీలం పోయి మనిషి మామూలు రంగుకొచ్చిండు. ఉన్న ఇంజెక్షన్లన్ని అయిపోయినయి, కరీంనగర్ నుంచి తెప్పిస్తున్న. ఇంకో మాట. మల్లక్క అని ఒకామె ఉన్నది. నీసు ముట్టదట. పప్పుచారు అన్నమే తిన్నది. అందరికంటే ఆమెనే సీరియస్ గ ఉన్నది."

కోడికూర ముట్టని మనిషిని కోడికూర ఎలా పడగొడుతుంది? ఆ ప్రశ్న నిన్ననే తట్టాల్సింది. తట్టలేదు. అఖిల జీపులో కూర్చున్నంతసేపూ కిటికీ వైపే మొహం తిప్పుకుని, డ్రైవర్‌తో ఒక్క మాట కూడా మాట్లాడకుండా కోరుట్ల చేరింది.

"సారక్కా, కోడికూరల, పప్పుచారుల రెండిట్ల పడ్డదేంది?"

"ఏం పడ్తయి మేడం. నూనె, కారం, పసుపు, ఉప్పు. నీళ్లు."

"నీళ్లు ఎక్కడియి?"

"ట్యాంకర్‌వి. ముందట క్యాటరింగోళ్లు గూడ గవే వాడిన్రు."

అఖిల తలెత్తింది. "ముందట క్యాటరింగా?"

సారక్క మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. "మీకు జెప్పలేదా మేడం? చుట్టాలకు ముందట షామియానాల క్యాటరింగ్. మాకు వెనుక. జీతగాండ్లకు, కూలోళ్లకు, మా కాలనోళ్లకు నేను వండిన."

"పడిపోయినోళ్లంత..."

"వెనుక తిన్నోళ్లే."

నిన్న శ్యాంసుందర్ రావు ఆమెను హాల్లోకి పిలిచి, తన పక్కనే కుర్చీ వేయించాడు. "అందరికి ఒకటే వంట మేడం. మా ఇంట్ల తేడాలు లేవు" అన్నాడు. సొంతూరు ఇల్లంతకుంటలో అఖిల తండ్రి ఇలాంటి ఇంట్లోనే పాలేరుగా జీతం ఉన్నాడు. జీతం అడగడానికి పోయినా వాకిలి దగ్గరే నిలబడేవాడు. అటువంటి ఇంటి హాల్లో, దొర పక్కన, దొర నోటితో మేడం అనిపించుకుంటూ కూర్చున్నప్పుడు నిన్న ఆమెకు ఒంట్లో ఏదో వెచ్చగా పాకింది. అది సంతోషమేనని ఇప్పుడు ఒప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఆ కుర్చీలో కూర్చున్నాక, ఎవరెవరు ఎక్కడ తిన్నారని ఆమె అడగాల్సిన రెండో ప్రశ్న అడగలేదు. లేచి నేరుగా సారక్క గోళ్ల దగ్గరికి నడిచింది.

"గీ ముచ్చట నిన్ననే ఎందుకు జెప్పలే సారక్కా?"

"మీరు అడగలే మేడం. చేతులు చూపియ్యమన్నరు. చూపిచ్చిన."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే అఖిలకు కాస్త తేలికగా ఉండేది.

"ఉప్పు ఎక్కడిది?"

"దొరసాని సంచి ఇప్పిచ్చింది. ప్యాకెట్లు కావు, పెద్ద సంచి. గా ఉప్పుల సారం లేదు మేడం. ఎంత ఏసినా సప్పగనే ఉండె. మళ్ల మళ్ల ఏసిన." సారక్క గొంతు తగ్గింది. "నేను ఏసిందాంట్లనే ఏమన్న ఉన్నదా మేడం? రాజలింగం బావ నా చేతుల మీదనే పోయిండా?"

జవాబు చెప్పే లోపు వెనక బూట్ల చప్పుడు వినిపించింది. సీఐ హరిప్రసాద్ లోపలి గదిలోంచి బయటికొచ్చి, నేల మీద కూర్చున్న ఆఫీసర్ని వింతగా చూశాడు.

"మేడం, మీ రిపోర్టు ఇంక రాలే. నిన్న టీవీల చెప్పిందే కాయితం మీద పెట్టియ్యున్రి. ఈమెను రిమాండ్‌కు పంపిస్త, కేసు ఒడుస్తది."

"నిన్న నేను చెప్పింది తప్పు."

"తప్పా?" హరిప్రసాద్ నవ్వాడు. "జిల్లా అంత చూసినంక తప్పంటే ఎట్ల మేడం?"

"కోడికూర తినని మనిషి చావుబతుకుల ఉన్నది. పడిపోయినోళ్లందరు వెనుక పొయ్యి కాడ తిన్నోళ్లే. ముందట చుట్టాలల్ల ఒక్కరికి గూడ ఏం కాలే. మీకు గీ సంగతి తెలుసా, తెల్వదా?"

సీఐ ఆ ప్రశ్నను పక్కకు తోసేశాడు. "నాకు తెలిసింది ఒక్కటి. అంతమందికి వండినామె తను మాత్రం బుక్కెడు గూడ తినలే. ఎందుకు తినలేదో చెప్పమనున్రి."

"మిగిలితె గద సారు తినేది" అంది సారక్క.

అఖిల లేచి చీర దులుపుకుంది.

"నేను శ్యాంసుందర్ రావు ఇంటికి పోతున్న. అటెన్క సిరిసిల్ల పోవాల్సి రావచ్చు. అక్కడ వాళ్ల కొడుకుకు రంగుల ఫ్యాక్టరీ ఉన్నదని విన్న. ఉప్పు సంచులు ఎక్కువ వాడేది అసొంటి దగ్గర్నే."

ఆ ఆఖరి మాట సీఐ ముందు అనకుండా ఉండాల్సిందని ఆమెకు దారి మధ్యలో తట్టింది.

*

శ్యాంసుందర్ రావు నిన్నటి కుర్చీనే చూపించాడు. "కూసోండి మేడం. చాయ్ తెమ్మంట."

"వద్దండి. వెనుక పొయ్యి చూపియ్యున్రి."

"వెనుక, ముందట అని ఏం లేదు మేడం, నిన్ననే చెప్పిన కద..."

అఖిల అప్పటికే ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి నడిచింది. పొయ్యి రాళ్లు లేవు. అవి ఉన్న చోట నేల పచ్చిగా, పేడతో అలికి ఉంది. ముందు వాకిట్లో షామియానా గుంతలు, విస్తళ్లు, ఐస్‌క్రీమ్ కప్పులు ఇంకా అలాగే పడి ఉన్నాయి. ముందర మొన్నటి చెత్త ఎత్తనివాళ్లు వెనక మాత్రం ఇంత శ్రద్ధగా ఎందుకు అలికారు?

"ఇక్కడ ఎవరు అలికిన్రు?"

శ్యాంసుందర్ రావు పెరటి గుమ్మం వైపు చూశాడు. గుమ్మంలో నిలబడిన ఆయన భార్య జానకమ్మ చెప్పింది. "నేనే అలికిపిచ్చిన బిడ్డా. రాజలింగం కుప్పకూలిన జాగ. చూడబుద్ధి కాలే."

అబద్ధంలా లేదు. ముసలామె కళ్లు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి.

నీళ్ల కుళాయి కింద, కాళ్లు తుడుచుకోవడానికి ఒక ప్లాస్టిక్ సంచి నాలుగు మడతలు పెట్టి పరిచి ఉంది. అఖిల దాన్ని విప్పింది. మీద అచ్చు ఏమీ లేదు. ఒక పక్క ఎవరో రంగు చేత్తో పట్టుకున్నట్టు నీలం వేళ్ల గుర్తులు పడి ఉన్నాయి. లోపల అడుగు కుట్లలో తెల్లని పలుకులు చిక్కుకుని ఉన్నాయి. గ్లాసులో నీళ్లు తెప్పించి, నాలుగు పలుకులు వేసి కరిగించి, తన సంచిలోని నీళ్ల పరీక్ష సీసాలోంచి రెండు చుక్కలు వదిలింది. మామూలు ఉప్పయితే రంగు మారకూడదు.

నీళ్లు ముదురు గులాబీ రంగుకు తిరిగాయి.

"ఇదేంది మేడం?" అన్నాడు శ్యాంసుందర్ రావు.

"సోడియం నైట్రైట్. చూడనీకి అచ్చం ఉప్పే. బట్టలకు రంగులు అద్దే కాడ వాడ్తరు. గింత కడుపుల పడితే నెత్తురు ఊపిరి మొయ్యది. మనిషి గాలి పీల్చుకుంటనే ఊపిరాడక పోతడు." అఖిల సంచిని పైకెత్తి పట్టుకుంది. "ఇది ఇంట్లకు ఎట్ల వచ్చింది?"

ఆయన గోడ వైపు చూశాడు. జానకమ్మ మెట్టు దిగి ముందుకొచ్చింది.

"మా అర్జున్ ఫ్యాక్టరీలది. రంగు పట్టనీకి ఉప్పు వాడ్తరట కద. ఫ్యాక్టరీ బంద్ అయినంక సంచులు మిగిలినయంటే ఒకటి తెప్పిచ్చిన. ఉప్పు ఉప్పే కద అనుకున్న."

"క్యాటరింగోళ్లకు గూడ గదే ఇచ్చిన్రా?"

"వాళ్లు ప్యాకెట్లు తెచ్చుకున్నరు."

"వాళ్లు తేకపోతే ఇస్తుంటిరా? మీ మనవరాలి విస్తరిల గీ సంచిల ఉప్పు పడనిస్తుంటిరా అమ్మా?"

జానకమ్మ మెల్లగా అక్కడే, అలికిన నేల మీదే కూర్చుండిపోయింది. శ్యాంసుందర్ రావు భార్యను లేవనెత్తలేదు. "వెనుకటి నుంచి గట్లనే నడుస్తున్నది మేడం" అన్నాడు గొణుగుతూ. "తెలిసి చేసింది కాదు."

"తెలిసే రెండు పొయ్యిలు పెట్టిన్రు. తెలిసే నాకు ఒకటే వంట అని చెప్పిన్రు." అఖిల సంచిని మడిచింది. నమ్మింది తనే కదా. "ఇంట్ల ఇంక ఏమన్న మిగిలిందా గీ ఉప్పు?"

"ఇంట్ల లేదు బిడ్డా. ఉన్నదంత ఆ రోజే అయిపోయింది" అంది జానకమ్మ నేల చూస్తూ.

*

సిరిసిల్ల శివారులో అర్జున్ రావు రంగుల ఫ్యాక్టరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల సీఐ హరిప్రసాద్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఎదురుగా అర్జున్ రావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాండ్రి మేడం" అన్నాడు హరిప్రసాద్. "నేను ముందే వచ్చి అడిగిన. ఇక్కడ ఏం లేదట. అయినా ఇది మీ జిల్లా గూడ కాదు. ఇక్కడ సోదా చెయ్యాలంటే సిరిసిల్ల ఆఫీసర్ రావాలె."

"ఆమెకు ఫోన్ చేసిన. వస్తున్నది. అప్పటిదాకా చూడనీకి కండ్లకు జిల్లాలు లేవు." అఖిల నేల వైపు చూసింది. "బంద్ అయిన ఫ్యాక్టరీల నేల తడి ఎందుకున్నది?"

మూలన రబ్బరు పైపులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"మేము వస్తున్నమని ఎవరు చెప్పిన్రు అర్జున్ రావు గారు?"

అర్జున్ రావు చూపు తెలియకుండానే సీఐ వైపు పోయి వచ్చింది. హరిప్రసాద్ కప్పులోకి చూస్తూ, "పెద్దమనుషుల ఇల్లు మేడం. వచ్చే ముందు ఒక ఫోన్ చేసుడు మర్యాద" అన్నాడు.

"సారక్కను తీస్కపోయే ముందు ఎన్ని ఫోన్లు చేసిన్రు?"

హరిప్రసాద్ కప్పు కింద పెట్టాడు. అతని మెడ ఎర్రబడింది. "మేడం, ఆమె చేతులు టీవీల చూపిచ్చింది నేను కాదు."

"నేనే" అంది అఖిల. "అందుకే ఇక్కడిదాకా వచ్చిన."

షెడ్డు లోపలికి నడిచింది. పైపు నీళ్లు ఇంకా చేరని వెనక మూలలో ఉప్పు నిలవ ఉండేది. గోడ పొడుగునా నీలం డ్రమ్ములు, వాటి పక్కన చెక్క పలక. పలక మీద ఒకే ఒక్క సంచి నిలబెట్టి ఉంది. శ్యాంసుందర్ రావు పెరట్లో కాళ్లకింద పరిచిన సంచి లాంటిదే, అచ్చు లేనిదే. గోడకు ఒరిగించి ఇంకొన్ని ఖాళీ సంచులు, వాటిలో కొన్నింటి మీద పుర్రె బొమ్మ ఉన్న పసుపు చీటీలు సగం చిరిగి వేలాడుతున్నాయి. అఖిల నిండు సంచి మూతి విప్పి, పైనుంచి కొంచెం, చెయ్యి లోపలికంటా దూర్చి అడుగునుంచి కొంచెం తీసి, విడివిడిగా నీళ్లలో కరిగించింది. పైది లేత గులాబీ. అడుగుది ముదురు గులాబీ.

"ఇది ఉప్పు సంచి కాదు, నైట్రైట్ సంచి కాదు" అంది. "రెండు కలిపిన సంచి. ఎవరు కలిపిన్రు?"

"సగం సగం ఉన్న సంచులు పడి ఉండె" అన్నాడు అర్జున్ రావు. "బేరం వస్తే అమ్ముదామని, అన్ని ఒక్క తీరుగ నింపి కుట్టమని పనోళ్లకు చెప్పిన. అన్ని తెల్లగనే ఉంటయి. వాళ్లకేం తెలుసు."

"వాళ్లకు తెల్వదు. మీరేం చదివిన్రు?"

"టెక్స్‌టైల్ కెమిస్ట్రీ."

"పుర్రె బొమ్మ మీకు తెలుసు."

"తెలుసు."

"మరి అమ్మ ఉప్పు అడిగితే ఎట్ల ఇచ్చిన్రు?"

"నేను చూడలే మేడం. ఫోన్ల అడిగింది. ట్రాలీల ఒక సంచి ఏసి పంపున్రి అన్న. వెనుక పొయ్యికే కద..." అంటూండగానే ఆ మాట తనకే వినిపించినట్టు ఆగిపోయాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "రాజలింగం నన్ను సైకిల్ మీద బడికి తీస్కపోయేటోడు మేడం."

హరిప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. ఇప్పుడతను టీ సంగతి మరచిపోయాడు. నిండు సంచి దగ్గరికి వచ్చి, వంగి చూసి, చిరిగిన పసుపు చీటీలు చూశాడు. "అర్జున్ రావు గారు, ఫోన్ల నాకు ఉప్పు తప్ప ఏం లేదంటిరి" అన్నాడు మెల్లగా. ఆ గొంతులో అధికారం లేదు. మోసపోయిన మనిషి గొంతు అది.

అఖిల అతన్ని వినడం లేదు. చెక్క పలక వైపు చూస్తోంది. ఉప్పు నిలవ ఉన్న చోట చెమ్మ చేరి పలక మీద తెల్లటి గీతలు తేలతాయి. సంచి అడుగు ఎంత ఉందో అంత మేర పలక శుభ్రంగా, దాని చుట్టూ తెల్లటి అంచు. ఇప్పుడు నిలబడిన సంచి పక్కన అలాంటి అచ్చులు ఇంకో రెండు ఉన్నాయి. ఒకదాని మీద దుమ్ము పడింది. రెండోదాని మీద దుమ్ము లేదు.

"ఇక్కడ మూడు సంచులు ఉండె" అంది. "ఒకటి మీ ఇంటికి పోయింది. ఒకటి ఇగో ఇక్కడున్నది. ఇంకోటేది?"

అర్జున్ రావు మొహం మీంచి చేతులు తీశాడు.

"రాజలింగం ఇంటికి పంపిన."

"ఏంది?"

"ఇయ్యాల రాజలింగం పోయి మూడొద్దులు కద మేడం. పోయినోని పేరు మీద వాళ్ల వాడంత తింటది. సాయం చెయ్యమని అమ్మ ఏడ్చింది. బియ్యం, పప్పు, నూనె కొని పంపిన పొద్దున. ట్రాలీల జాగ ఉన్నదని..." అతను పలక మీది ఖాళీ అచ్చు వైపు చూశాడు. "ఉప్పు సంచి గూడ ఏపిచ్చిన. అప్పటికి నాకు కోడికూరనే అని ఉన్నది మేడం. టీవీల మీరే చెప్పిన్రు కద."

ఆ మాట ఎత్తిపొడుపు కాదు. అతను నిజంగానే నమ్మాడు. అఖిల ఫోన్ తీసి, నిన్న వాంగ్మూలం ఇచ్చిన రాజలింగం కొడుకు వేణు నంబరు కలిపింది. వెనక జనం సద్దు, గిన్నెల చప్పుడు వినిపించాయి.

"వేణూ, నేను ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అఖిలను. వంట అయిందా?"

"అయితున్నది. ఎందుకు?"

"ఎవరిని తిననియ్యకు. పొద్దున ట్రాలీల వచ్చిన ఉప్పుల విషం ఉన్నది. మీ నాయిన పోయింది గా ఉప్పుతోనే. కూరలన్ని పారబొయ్యి."

వేణు గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "నిన్న కోడికూర అన్నరు. మా సారక్క చిన్నమ్మను నలుగుట్ల నిలవెట్టి గోళ్లు చూపిచ్చిన్రు. ఆమె ముట్టుకున్నది మేము తినం అని మా వాడ గూడ అన్నది. మా ఇంట్లోళ్లం గూడ గదే మాట అన్నం. ఇయ్యాల మళ్ల ఉప్పు అంటున్నరు. మా నాయినకు బుక్కెడు కూడు పెట్టనియ్యరా మేడం?"

"వేణూ, నేను తప్పు చెప్పిన. నిన్న చెప్పింది తప్పు. ఇది నిజం..."

ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలిపితే స్విచాఫ్.

హరిప్రసాద్ అప్పటికే స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. స్టేషన్ జీపు అతనితో ఇక్కడే ఉంది. స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ ఏసుబాబు ఒక్కడే ఉన్నాడు, అతనికి బైక్ ఉంది. కాలనీ స్టేషన్‌కు దూరం లేదు. "పోతే ఎవరింటరు నా మాట సార్?" అన్నాడు ఏసుబాబు. "పొద్దుగాలనే ఖాకీ బట్టలు చూసి రాళ్లు పట్టుకున్నరు. రాజలింగం ఇల్లు ఏదో గూడ నాకు తెల్వదు."

హరిప్రసాద్ అఖిల మొహంలోకి చూశాడు. ఇద్దరికీ ఒకే పేరు తట్టింది. చివరికి అతనే, "సారక్కను బండి ఎక్కిచ్చుకో. ఫోన్ ఆమెకియ్యి" అని, ఫోన్ అఖిల చేతిలో పెట్టాడు.

అఖిల విషయమంతా చెప్పింది.

"నేను పోతే ఇంటరా మేడం?" అంది సారక్క. "నా చేతి నీళ్లు గూడ ముడ్తలేరట. మా అక్క కొడుకే నన్ను వాకిట్లకు రానియ్యనన్నడట."

"ఇనరు. నా వల్లనే ఇనరు. నిన్ను పొమ్మననీకి నాకు మొహం లేదు సారక్కా. మాటలు జెప్పకు. పోయి గుండిగలు తన్ను. అన్నం, కూర, చారు, ఏది కనవడితే అది తన్ని పారబొయ్యి."

"సచ్చినోని కూడు తన్నాల్నా మేడం?"

అవతల బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

అఖిల ఫోన్‌ను స్పీకర్ మీద పెట్టింది. షెడ్డులో ముగ్గురూ దాని చుట్టూ నిలబడ్డారు. గాలి హోరు. కుక్కల అరుపులు. బండి ఆగింది. ఎవరో ఆడమనిషి, "మళ్లెందుకొచ్చినవే?" అని అరిచింది. సారక్క కాళ్ల చప్పుడు. పరుగు. గుంపులో కలకలం. "పట్టుకోండ్రి దాన్ని" అన్న వేణు గొంతు. ఆ వెంటనే పెద్ద గుండిగ నేల మీద పడి దొర్లిన చప్పుడు, దాని మీద ఇంకొకటి. తర్వాత కేకలు, చెంప మీద దెబ్బ, ఇంకో దెబ్బ, "నేను చెప్తున్న ఇనుండ్రి, ఆపుండ్రి" అంటున్న ఏసుబాబు గొంతు. అర్జున్ రావు గోడ పట్టుకుని కూలబడ్డాడు. హరిప్రసాద్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు, ఎందుకు తీశాడో అతనికే తెలియనట్టు.

"సారక్కా" అని పిలిచింది అఖిల. "సారక్కా."

చాలాసేపటికి ఆయాసంతో తెగిపోతున్న గొంతు వినిపించింది.

"పారబోసిన మేడం. అన్ని పారబోసిన. కొడుతున్నరు, కొట్టనియ్యున్రి."

"ఎవరన్న తిన్నరా?"

సారక్క ఏడుపు ఆపుకోవడానికి ప్రయత్నిస్తోంది. దెబ్బల చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. వాడంతా ఒక్కసారిగా మూగబోయింది.

"నేను వచ్చేటాలకే ఒక బంతి తిని లేచింది మేడం" అంది. "పిల్లల బంతి."